రెండో గుంపులో బాలింత

ఈ మధ్య మా ఊళ్లో ఎవరింట్లో కాన్పు జరిగినా ఎవరో ఒకరు నన్ను పిలిచి, "అనితా, నీకు గప్పుడు అసలేమైందే?" అని అడుగుతున్నారు. అడిగేవాళ్లు చాలావరకు బాలింతల తల్లులు. కూతురు లోపలి గదిలో ఉంటుంది. తల్లి వాకిట్లో నిలబడి, గొంతు తగ్గించి అడుగుతుంది. ప్రతిసారీ ఒక ముక్క చెప్పి ఇంకో ముక్క మింగేస్తున్నాను. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఇప్పుడు నయంగా ఉన్నాను. రాయాలంటే మునుపటంత భయం లేదు.

నేను పదో తరగతితో బడి మానేశాను. చదవడం మాత్రం మానలేదు. తిరుమలగిరి గ్రంథాలయంలో ఎడమవైపు బీరువాలు రెండూ పూర్తి చేశాను. నవలలు అయిపోతే ఆరోగ్యం పుస్తకాలు, అవీ అయిపోతే తేనెటీగల పెంపకం మీద పుస్తకం కూడా చదివాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. కాన్పు తర్వాత కొందరు తల్లులకు మనసు కుంగిపోతుందని కూడా అక్కడే చదివాను. చదివి పేజీ తిప్పేశాను. అది పట్నం వాళ్లకు వచ్చేదని నాకు నేనే తీర్మానించుకున్నాను.

ఎండాకాలం, ఏడో నెల

కాన్పుకు తల్లిగారింటికి వచ్చాను. మా ఆయన సైదులు ఆలేరులో విత్తనాల దుకాణంలో పని చేస్తాడు. వానాకాలం ముందు వాళ్లకు ఊపిరాడదు. నన్ను బస్సు దింపి, అదే బస్సు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కి వెళ్లిపోయాడు.

ప్రతి నెలా చూపించుకునే సర్కారు దవాఖానలో పర్వీన్ పరిచయమైంది. నర్సింగులో పెద్ద చదువు చదువుతోంది. కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటును ముందే ఆపవచ్చా అన్నది ఆమె పరిశోధన. వయసులో నాకంటే చిన్నదే. అందరినీ "అక్కా" అనేది. గర్భిణులందరినీ కూర్చోబెట్టి విషయం వివరంగా చెప్పింది.

"అక్కా, రెండు గుంపులు చేస్తున్న. మొదటి గుంపోళ్లతోని నేను కూసొని ముచ్చట పెడ్త. వాళ్ల అమ్మలను, అత్తమ్మలను గుడ పిలుస్త. రెండో గుంపోళ్లకు ఎప్పటిలెక్కనే చెకప్పులు ఉంటయి, దాంట్ల ఏం తక్వ కాదు. రెండు గుంపులను కాన్పైనంక ఇంటికొచ్చి అడుగుత. ఎవలు ఏ గుంపన్నది నా చేతుల లేదు, చీటీలు తీస్తం. ఇష్టం లేకుంటే వద్దనొచ్చు."

నేను ఉత్సాహంగా ఒప్పుకున్నాను. పరిశోధన అనే మాట పుస్తకాల్లో చదవడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. చీటీ తీశాను. రెండో గుంపు వచ్చింది.

ఆ తర్వాత నేను పోయిన రోజుల్లో మొదటి గుంపు వాళ్లు వరండాలో చాప మీద కూర్చుని ఉండేవాళ్లు. మేము లోపల బల్ల మీద మా వంతు కోసం. వాళ్ల మాటలు మాకు వినపడకూడదని తలుపు దగ్గరగా వేసేవారు. నవ్వులు మాత్రం వినపడేవి. ఒకసారి ఎవరి అత్తో గట్టిగా, "గట్లయితే నేను గుడ పసిపిల్లను ఎత్తుకోవాల్నా, నా నడుము సంగతేంది?" అంది. అందరూ విరగబడి నవ్వారు. నేను తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ నవ్వులో నాకు చోటు లేదని ఆ రోజే కొంచెం నొచ్చుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

వానలు మొదలయ్యాక

పాప పుట్టింది. కాన్పు మామూలుగానే అయింది.

మా దగ్గర బాలింతను ఎట్లా చూస్తారో తెలిసినవాళ్లకు తెలుసు. వాకిలి మీద వేపమండలు. లోపలి గదిలో మంచం, మంచం కింద నిప్పులు, సాంబ్రాణి పొగ. చెవుల్లో దూది, తలకు గుడ్డ. గాలి తగలకూడదని కిటికీ మూసేస్తారు. వెల్లిపాయ కారంతో అన్నం. నేను సంచిలో పెట్టుకొచ్చిన పుస్తకాలను అమ్మ తీసి సజ్జ మీద పెట్టింది.

"బాలింతవు చదివితే కండ్లు గుంజుతయి బిడ్డా. ముసల్తనంల తెలుస్తది."

"ఒక్కటన్న ఇయ్యే. రోజుకు రెండు పేజీలే చదువుత."

"నీ రెండు పేజీలు నాకెర్కలేదా? ఫోను గుడ ఇటియ్యి. పండుకో, మళ్ల రమ్మన్నా రాదు గీ సుఖం."

ఆ మాట అమ్మ నిజంగానే అన్నది. నేను పుట్టిన కొన్నాళ్లకే అమ్మ నాట్లకు పోయిందట. నన్ను గట్టు మీద చీర నీడన పడుకోబెట్టి మోకాలి లోతు బురదలో నిలబడిందట. తనకు దొరకని చీకటి గది, తనకు దొరకని నిద్ర, కాలు కింద పెట్టనవసరం లేని రోజులు, అన్నీ కూడబెట్టి నాకిచ్చింది. నేను ఆ గదిలో ఊపిరాడక గోడకున్న సున్నం పెచ్చులు చూస్తూ పడుకున్నాను.

ఏడుపు మొదట వచ్చింది. కారణం లేకుండా వచ్చేది. అమ్మ చూస్తే "కండ్లకు పొగ తగిలిందే" అనేదాన్ని. తర్వాత ఏడుపు కూడా ఆగిపోయింది. అదే ఎక్కువ భయం. పాప ఏడిస్తే గోడ అవతల వేరే వాళ్లింట్లో ఏడుస్తున్నట్టు ఉండేది. పాలిచ్చేదాన్ని, గుడ్డలు మార్చేదాన్ని, మళ్లీ గోడ వైపు తిరిగేదాన్ని. చెవుల్లో దూది ఉండటం వల్ల నా ఊపిరి నాకే పెద్దగా వినపడేది. ఇంట్లో ఇంకెవరూ లేనట్టు, ఊళ్లో ఇంకెవరూ లేనట్టు అనిపించేది.

తొట్టెల పండుగ నాడు చుట్టాలంతా వచ్చారు. సైదులు కొత్త చొక్కాలో వచ్చి, పాపను ఎత్తుకోవడం రాక రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడానికి మొహంలో ఏ భాగం ఎంత కదలాలో గుర్తు చేసుకుని మరీ నవ్వినట్టు ఉంది. పోయేముందు ఆయన గడప దగ్గర ఆగి, "గట్లున్నవేంది? నిద్ర లేదా?" అన్నాడు. అవునన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆయన తప్పు కాదు. నేను చెప్పిన జవాబుకు ఆయన తల ఊపాడు.

వినాయక చవితి రోజుల్లో

పర్వీన్ మొదటిసారి ఇంటికొచ్చింది. చేతిలో ప్రశ్నల కాగితాలు. నన్ను మంచం మీద కూర్చోబెట్టింది. అమ్మ పక్కనే నిలబడింది. మా దగ్గర బాలింతను ఎవరేమడిగినా తల్లే జవాబు చెబుతుంది. బాలింత ఎక్కువ మాట్లాడితే వాతం చేస్తుందంటారు.

"అక్కా, ఈ వారం రోజులల్ల నవ్వొచ్చే సంగతులకు నవ్విండ్రా?"

"నవ్వకేంది! నవ్వుతది," అంది అమ్మ.

"ఊరికెనే దిగులు పడ్డరా?"

"దిగులేంది బిడ్డా? తిండి నేనే పెడ్తున్న, గుడ్డలు నేనే ఉతుకుతున్న. రాణి లెక్క పండుకుంటది."

"అమ్మా, అక్కను చెప్పనియ్యుండ్రి."

"అదేం చెప్తది? దాని చెవులల్ల దూదున్నది, సరిగ వినపడది."

నాకు బాగానే వినపడింది. పర్వీన్ నా కళ్లలోకి చూసి మళ్లీ అడిగింది. "బాగనే ఉన్న" అన్నాను. అమ్మ ముందు వేరే మాట అనడానికి నాకు నోరు రాలేదు. అన్ని సేవలు చేస్తున్న మనిషిని పక్కన పెట్టుకుని, నాకు బతకాలని లేదని ఎట్లా అంటాను? పర్వీన్ కాగితం మీద గుర్తులు పెట్టుకుని, అవి ఒకసారి చూసుకుని వెళ్లింది.

అప్పుడు నేను చదివిన పేజీ గుర్తొచ్చింది. అందులో ఉన్నవన్నీ నాకున్నాయి. పేరు తెలిసినా బరువు దించడం తెలియలేదు. రోగం పేరు నా ఒక్కదానికే తెలియడం, ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం నన్ను ఇంకా ఒంటరిని చేసింది.

బతుకమ్మ రోజులు

బాలింతను పూల దగ్గరికి రానివ్వరు. సాయంత్రం కాగానే అమ్మ, వాడ ఆడవాళ్లు అంతా వెళ్లేవారు. నాయిన బయట గొళ్లెం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. లోపల నేను, పాప. దూరంగా చప్పట్లు. అందరి చేతులూ ఒకేసారి పడుతున్నాయి. నేను లేకపోతే ఆ వరుసలో ఎక్కడా ఖాళీ కనపడటం లేదు కదా అనుకున్నాను. ఆ ఆలోచన అక్కడ ఆగలేదు. నేను అసలే లేకపోయినా పాప పెరుగుతుంది, అమ్మకు పని తగ్గుతుంది అన్నంత దూరం పోయింది. ఆ ఆలోచన భయపెట్టలేదు. హాయిగా అనిపించింది. ఇది చదువుతున్న వాళ్లకు ఒకటే చెబుతాను. అట్లాంటి ఆలోచన హాయిగా అనిపించిన రోజే ఎవరో ఒకరికి చెప్పాలి. ఆ పూటే చెప్పాలి. నేను గోడకు తిరిగి పడుకున్నాను.

దసరాకు సైదులుతో మా అత్తమ్మ వచ్చింది. మూడో నెలలో కోడలిని, పిల్లను తీసుకుపోవాలి. నన్ను చూసింది. మంచం మీద నుంచి లేచి ఆమె కాళ్లకు నీళ్లు కూడా ఇవ్వలేదు నేను. వాకిట్లో అమ్మతో అన్న మాటలు నాకు వినపడ్డాయి.

"గిట్ల గోడను చూసుకుంట కూసునేదాన్ని నేనేం చేసుకోవాలె వదినే? మా పోరిని మేం తీస్కపోతం. డబ్బపాలు పడ్త. నీ బిడ్డ మంచిగైనంక తోల్కరా."

"పాలు తాగే పిల్లను తల్లిని ఇడగొడ్తవా?"

"తల్లి అయితే గద ఇడగొట్టేది. ఎత్తుకుంటాందా? ముద్దాడుతాందా? నా కండ్లు మంచిగనే కనపడ్తయి."

వచ్చే శుక్రవారం వచ్చి పాపను తీసుకుపోతామని చెప్పి వెళ్లారు. సైదులు వాళ్లమ్మ వెంటే పోయాడు. నాకు కోపం రావాలి. రాలేదు. తీసుకుపోతే బాగుండు, దానికైనా మంచి జరుగుతుంది అనుకున్నాను.

శుక్రవారానికి ముందు

పర్వీన్ రెండోసారి వచ్చింది. వస్తూనే, "అమ్మా, జర చాయ్ పెడ్తరా?" అంది.

అమ్మ చాయ్ పెట్టి తెచ్చింది. పర్వీన్ గుటుక్కున తాగేసి, "మస్తున్నది. ఇంకో కప్పు దొరుకుతదా?" అంది.

"ఏం తాగుడే బిడ్డా! మీ ఇంట్ల పాలు లేవా?" అంటూ అమ్మ మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది. పాలు అయిపోయాయి. పక్కింటికి పోయింది. పర్వీన్ లేచి తలుపు దగ్గరగా వేసింది. నా తల గుడ్డ పక్కకు జరిపి చెవుల్లో దూది తీసి చేతిలో పట్టుకుంది.

"అక్కా, మొన్న మీరు చెప్పింది నేను రాసుకున్న. కానీ నమ్మలేదు."

నేను ఆమె చేతిలోని దూదినే చూశాను.

"మిమ్మల్ని మీరు ఏమన్న చేసుకోవాలె అనిపించిందా?"

ఎప్పటి నుంచో ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు, "అనిపిస్తాంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆ తర్వాత చాలా చెప్పాను. పర్వీన్ కాగితాలు సంచిలో పెట్టేసింది. "ఇగ ఇది నా చదువు సంగతి కాదక్కా" అంది. అమ్మ పాలగిన్నెతో వచ్చేసరికి నేను పర్వీన్ భుజం మీద తల పెట్టి ఉన్నాను.

అమ్మకు పర్వీనే చెప్పింది. అమ్మ నమ్మలేదు. "నీకేం తక్వ చేసిన్నే? చెప్పు, ఏం తక్వ చేసిన్న?" అని నన్ను పట్టి ఊపింది. నేను ఎంత చెప్పినా ఆ ప్రశ్నకు జవాబు అవదు. నాయిన మాత్రం లేచి చొక్కా తొడుక్కుని, "బస్సుకు టైమైతాంది, నడువుండ్రి" అన్నాడు.

పర్వీన్ కూడా మాతో నల్లగొండ పెద్ద దవాఖానకు వచ్చింది. ఆమె, నాయిన ఓపీ చీటీ రాయించే దగ్గర ఉంటే, అమ్మా నేను మనసు రోగాల గది ముందు బల్ల మీద కూర్చున్నాం. జిల్లాలు విడిపోయి మాది సూర్యాపేట అయినా, మాకు పెద్ద దవాఖాన అంటే ఇప్పటికీ నల్లగొండే. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. నార్కట్‌పల్లి నుంచి భార్యతో వచ్చిన ఒక ముసలాయన జరిగి మాకు చోటిచ్చాడు. పాపను చూసి, "ఎవలకు బాగలేదమ్మా?" అని అడిగాడు.

అమ్మ ఠక్కున, "నాకేనయ్యా. నిద్ర పడ్తలేదు" అంది.

కాసేపటికి లోపలి నుంచి "అనిత!" అని పిలిచారు. అమ్మ లేవలేదు, నేను లేచాను. ముసలాయన అమ్మను చూశాడు, నన్ను చూశాడు. "పోయిరా బిడ్డా. పిల్లను నా భార్య పట్టుకుంటది" అన్నాడు, అంతే. ఆయన పేరు నేను అడగలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తాడు.

డాక్టరమ్మ మందులిచ్చింది. పాలిస్తూనే వాడవచ్చని చెప్పింది. నన్ను ఒంటరిగా ఉంచవద్దని, కిటికీ తెరవమని, నిద్ర సరిపోవాలని, పిల్లను నా దగ్గరే ఉంచాలని అమ్మను పిలిచి చెప్పింది. "ఇది మీరు తక్కువ చూసినందుకు వచ్చింది కాదు" అని కూడా చెప్పింది. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

మందుల వరుస దగ్గర నిలబడి నేను పర్వీన్‌ను అడిగాను.

"మొదటి గుంపోళ్లల్ల ఎవలకన్న గిట్లయిందా?"

"అది ఇప్పుడే చెప్పొద్దక్కా. అందర్ని అడుగుడు కాలే."

"ఒకలకు మాటలు చెప్పి, ఒకలకు చెప్పకుంటే గద, మాటలు పనిచేసినయా లేదా అన్నది తెలిసేది. నేను గ్రంథాలయంల చదివిన."

"అవునక్కా."

"అంటే నాకు బాగలేకపోవుడు నీకు పనికొస్తది."

 వరుస కదిలింది. మేమూ కదిలాం.

"మీకు బాగుంటే గుడ పనికొచ్చేది," అంది చివరికి. "మొన్న చవితప్పుడే దూది తియ్యాల్సుండె. నేను తియ్యలే. అది నాకు నిద్ర పట్టనిస్తలేదు."

ఆ పద్ధతి సరైనదా కాదా అని తర్వాత చాలా ఆలోచించాను. ఒక మాట మనుషులకు నిజంగా మేలు చేస్తుందో లేదో తెలియకుండా ఊళ్లన్నిటికీ చెప్పలేరు. అందుకు ఎవరో ఒకరు తలుపుకు ఇవతల కూర్చోవాలి. నా తెలివి దీనికి ఒప్పుకుంటుంది. ఆ నవ్వులు గుర్తొచ్చినప్పుడు మాత్రం ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. రెండూ నాలోనే ఉన్నాయి. వాటిని కలపాలని ఇప్పుడు ప్రయత్నించడం లేదు.

శుక్రవారం

మందు రెండు మూడు రోజుల్లో పనిచేయదు. చేయలేదు కూడా. కిటికీ తెరిచారు. సజ్జ మీది పుస్తకం ఒకటి అమ్మ తనే దించి మంచం మీద పడేసి, "సదువుకో, కండ్లు పోతె పోనీ" అంది. అక్షరాలు కనపడ్డాయి కానీ లోపలికి దిగలేదు. నా లోపల అంతా అట్లాగే మొద్దుబారి ఉంది.

అత్తమ్మ, సైదులు వచ్చారు. అత్తమ్మ చేతిలో కొత్త పాలసీసా, ఉన్ని టోపీ.

"పిచ్చి దవాఖానకు తీస్కపోయిండ్రంట గద," అంది కూర్చోకుండానే. "ఊరంత తెలిసింది. ఆలేరు దాక తెలిసింది."

"పిచ్చి గాదు వదినే, బాలింతలకు గిట్లయితదంట," అంది అమ్మ.

"మనకు కాలే? నలుగురిని కన్న. గోడను చూసేటంత తీరిక నాకెప్పుడన్న దొరికెనా?"

సైదులు మధ్యలో, "అమ్మా, డాక్టరు పిల్లను ఆమె దగ్గర్నే ఉంచుమన్నదంట" అన్నాడు. వాళ్లమ్మకు ఎదురు ఆయన అన్న మొదటి మాట అది కావచ్చు. చివరి అక్షరాలు నోట్లోనే ఉండిపోయాయి.

"ఉంచుమంటె? చూసుకుంటదా? అడుగు, నువ్వే అడుగు. పిల్లను తీస్కపోవాల్నా వద్దా?"

అందరూ నా వైపు తిరిగారు. నేను నిజమే చెప్పాలనుకున్నాను. తీసుకుపోండి అనే మాట నాలుక మీద ఉంది. పాప మీద నాకు ప్రేమ ఏదీ తెలియడం లేదు. లేనిది ఉందని చెప్పి పిల్లను ఎట్లా ఉంచుకుంటాను? నేను జవాబు వెతుకుతుండగానే అత్తమ్మ వంగి పాపను ఎత్తుకుని టోపీ పెట్టింది. పాప ఏడుపు అందుకుంది. అత్తమ్మ కుడి భుజం మీద వేసుకుని జో కొట్టింది. ఏడుపు పెరిగింది. అటూ ఇటూ నడిచింది, నోట్లో నాలుక ఆడించింది, సీసా పెట్టింది. పాప ముఖం కందిపోయింది.

"అట్ల గాదు," అన్నాను.

"ఏందట్ల గాదు?"

"దానికి ఆ దిక్కు నచ్చది. ఎడమ దిక్కు ఏసుకుని, వీపు మీద కొట్టొద్దు, కింద నుంచి మీదికి రాయాలె. టోపీ తీసెయ్యి. చెవులు మూస్తె ఏడుస్తది."

చెప్పేసి ఆగిపోయాను. ఇవన్నీ నాకు తెలుసని నాకే తెలియదు. ఇన్ని రోజులూ నేను గోడను చూస్తున్నాననే అనుకున్నాను. ఎవరో నా చేతులతో, నాకు చెప్పకుండా, ఇదంతా నేర్చుకున్నారు.

అత్తమ్మ ఎడమ వైపుకు మార్చింది. రాయడం ఆమెకు కుదరలేదు. ఏడుపు ఆగలేదు.

"ఇటియ్యి అత్తమ్మా."

"నీకు చేతనైతదా?"

"ఏమో. ఇటియ్యి."

ఇచ్చింది. ఎడమ భుజం మీద వేసుకుని కింద నుంచి పైకి రాశాను. పాప రెండుసార్లు వెక్కి, మెడ దగ్గర ముక్కు దూర్చి ఊరుకుంది.  అత్తమ్మ సీసాను అరుగు మీద పెట్టి, చెప్పులు విడిచి, మంచం పట్టె మీద కూర్చుంది.

"అయితె నేనే ఉంట నాల్రోజులు," అంది గోడతో చెప్పినట్టు. "కోడలికి రాత్రిపూట నిద్ర గావాలె గద. ఓ సైదులూ, నువ్వు పో. రేపు నా చీరలు తెచ్చియ్యి."

"మా ఇంట్ల ఎల్లిపాయ కారమే," అంది అమ్మ.

"తింట తియ్యి. నీ వంట నాకు కొత్తనా?"

వాళ్లిద్దరూ వాకిట్లోకి పోయి పొయ్యి గురించి వాదులాట పెట్టుకున్నారు. నేను పాపతో మంచం మీద మిగిలాను. సినిమాలో లాగా గుండె పొంగిపోలేదు. ఆ రోజు కూడా నేను చాలా ఒంటరిగానే ఉన్నాను. నయం కావడానికి చలికాలమంతా పట్టింది, నడుమ మళ్లీ వెనక్కి జారిన రోజులున్నాయి. ఆ మధ్యాహ్నం జరిగింది ఇంతే. పాప నా భుజం మీద నిద్రపోయింది. పడుకోబెడితే లేస్తుందేమోనని నేను కదలలేదు. కాసేపటికి చెయ్యి తిమ్మిరెక్కింది. తీయాలనిపించలేదు.